రాగిరేకు మీద బొటనవేలు

నేను కేక పెట్టానని మీకు తెలుసు. ఎందుకు పెట్టానో చెప్పేలోపే పోయినసారి చోటు అయిపోయింది. ఆ కేకకి ఇల్లంతా వెనక వసారా గుమ్మం దగ్గర పోగైంది. మామయ్యగారు పొద్దున ఫోటో స్టూడియోకి వేసుకున్న కోటు ఇంకా విప్పలేదు. మావారి క్రాపు ఫోటోగ్రాఫరు దువ్వింది దువ్వినట్టే ఉంది. అత్తయ్య మాత్రం గుమ్మానికి అవతలే ఆగి, మెడ ఒక్కటే ఇవతలికి చాచింది. ఆమెకి ఒట్టుంది మరి.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళకి రెండు ముక్కలు చెప్పేస్తాను. నాకు పెళ్ళయి ఇంకా కొత్త వాసన పోలేదు. రాగి, ఇత్తడి రేకుల మీద బొమ్మలు తేల్చడం నాకు కాలేజీలో పట్టిన పిచ్చి. చీరల అడుగున రేకులు దాచుకుని మరీ అత్తవారింటికి తెచ్చుకున్నాను. నున్నగా తోమిన రేకు మీద బొమ్మని నల్ల వార్నిష్‌తో వేసి, మందునీళ్ళలో బోర్లా వేలాడదీస్తే, వార్నిష్ ఉన్నచోటు అలాగే నిలబడుతుంది, లేనిచోటుని నీళ్ళు మెల్లగా తినేస్తాయి. చివరికి బొమ్మ గట్టులా పైకి తేలుతుంది. ఆ నీళ్ళ అసలు పేరు ఫెర్రిక్ క్లోరైడ్. మామయ్యగారు పెట్టిన పేరు కషాయం. చూడ్డానికి చిక్కటి డికాక్షన్‌లా ఉంటుంది, అంటుకున్నచోట మచ్చ వదలదు.

కషాయం తొట్టె వచ్చి కూర్చున్నది అత్తయ్య గిన్నెలు తోముకునే వసారాలో. అంతవరకూ ఎలాగో ఓర్చుకుంది. కానీ మావారు నాకు సాయం చేసే ఉత్సాహంలో ఆమె స్టీలు గరిటెతో ఆ నీళ్ళని ఒక తిప్పు తిప్పి, గరిటెని అందులోనే మరిచిపోయారు. అది జల్లెడై తేలింది. ఆ విషం అక్కడున్నంతకాలం వసారాలో అడుగుపెట్టనని అత్తయ్య ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. అప్పట్నుంచీ గిన్నెలు వంటింటి మూల, నడుం వంచి, నాకు వినబడేంత మూలుగుతో తోముతోంది. ఆదివారానికల్లా తొట్టె కదలకపోతే సామానంతా పాత ఇనుము బండికి వేసేస్తానని కూడా చెప్పేసింది.

ఒక్క దారి ఉంది. మేడ మీద, పై వాటా పక్కన, పిడికిలంత తాళం వేలాడే గది. ఇంటావిడ పైన ఒంటరిగా, పిల్లితో ఉంటుంది. "నా గుమ్మానికి ఓ రాగిరేకు చేసిపెట్టు అమ్మాయ్. ఇంటి నంబరు, దాని కింద నా బంగారుతల్లి. నచ్చితే ఆ గది నీ పనికి వాడుకో" అంది. బంగారుతల్లి అంటే పిల్లి. ఇవాళే ఆదివారం. సాయంత్రం ఆవిడ రేకు చూడ్డానికి వస్తుంది.

ఇక కేక సంగతి.

పిల్లి ఎంత బాగా వచ్చిందో! మీసాలు ఒక్కటీ తెగలేదు. సగం మూసిన కళ్ళలో ఆ లెక్కలేనితనం కూడా అచ్చు దిగిపోయింది. చుట్టూ ఖాళీ జాగా, నీళ్ళు తిన్నంతమేరా, సన్నటి ఇసుక పరిచినట్టు గరుగ్గా, గులాబీరంగులో మెరుస్తోంది. ఆ ఇసుకలో, కుడివైపు కింద, సరిగ్గా పిల్లి తోక ఎత్తిన చోట, కోడిగుడ్డు ఆకారంలో ఒక దిబ్బ తేలి ఉంది.

"ఇదేంటి?" అన్నారు మావారు వంగి చూస్తూ. ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు సానపడతారు. ఏది చూసినా ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్ళి చూస్తారు. నన్ను కూడా. "పిల్లి ఏదో… పని చేసినట్టుంది."

"అది వేలిముద్ర!" అన్నాను ఏడుపు గొంతుతో. "ఎవరో రేకుని ముట్టుకున్నారు. జిడ్డున్న చోట నీళ్ళు తినవు. వార్నిష్‌కి ఎంత బలమో జిడ్డుకీ అంతే. వేలు పెట్టినచోటల్లా రాగి నిలబడిపోయింది."

"అయితే గీకేద్దాం."

"చుట్టూ ఉన్న రాగి అరిగి కిందకి పోయింది. దీన్ని ఆకురాయితో రాస్తే పక్కన గీతలు పడతాయి, పిల్లి తోక కూడా పోతుంది."

"పోనీ బంతి అందాం. పిల్లి బంతితో ఆడుకుంటోంది."

"బంతి పిల్లి ముందుంటుందిరా, వెనకాల ఉండదు" అంది అత్తయ్య గుమ్మం అవతల్నుంచి. ఆ మాటలో సంతోషం ఉందో, బాధ ఉందో నాకు తెలియలేదు. మావారికి నవ్వాగలేదు. ఆయన నవ్వితే ముందు చెవులు ఎర్రబడతాయి, తర్వాత భుజాలు కదులుతాయి, చిట్టచివర నోరు తెరుచుకుంటుంది. అంత ఏడుపులోనూ నేనది పూర్తిగా చూసి ఆనందించాను.

మామయ్యగారు కోటు సర్దుకున్నారు. ఆయన రిటైరైన టికెట్ కలెక్టరు. ఇప్పటికీ ఎవరు గుమ్మంలోకి వచ్చినా ముందు వాళ్ళ చేతుల వంక చూస్తారు.

"విచారణ చేస్తే తేలిపోతుంది" అన్నారు. "అమ్మాయ్, రేకు ఎప్పుడు తోమావు?"

"పొద్దునండీ. వార్నిష్ ఆరాక ఖాళీ జాగా అంతా సుద్దపొడితో మళ్ళీ తుడిచాను. నీళ్ళు పోస్తే ఎక్కడా విడిపోకుండా పల్చగా పరుచుకున్నాయి. జిడ్డు ఏమాత్రం ఉన్నా అలా పరుచుకోవు. గోడవారన ఆరబెట్టాను, అందరం స్టూడియోకి వెళ్ళాం, రాగానే తొట్టెలో వేశాను."

"వేసేముందు చూసుకోలేదా?"

చూసుకోలేదు. స్టూడియోలో మా ఇద్దర్నీ దగ్గరగా జరగమని ఫోటోగ్రాఫరు అన్నప్పుడు మావారు జరిగిన జరుగుడికి కుర్చీ కదిలి మామయ్యగారు తూలిపోయారు. దారి పొడుగునా నేను అదే తలుచుకుని నవ్వుకుంటున్నాను. రేకు అంచులు పట్టుకుని తొట్టెలో దింపానే కానీ నా మనసు నా చేతుల్లో లేదు. ఇదంతా మామగారికి ఎలా చెబుతాను?

"తొందర్లో ఉన్నానండీ" అన్నాను.

"అంటే ముద్ర మనం బయల్దేరేముందు పడింది, లేదా వచ్చీరాగానే పడింది. మధ్యలో ఇంటికి తాళం ఉంది. కాబట్టి" అని గొంతు సవరించుకున్నారు, "ముద్దాయి ఈ నలుగురిలోనే ఉన్నారు."

నిజం చెప్పొద్దూ, నాకు హుషారు వచ్చేసింది. ఏడుపు ఒక పక్కకి పోయింది. పాత కాలెండరు కాగితం చింపి వెనకవైపు తిప్పి గుమ్మం పక్కనున్న బల్ల మీద పరిచాం. మామయ్యగారు తన స్టాంపు ప్యాడు తెచ్చారు. అది ఎండిపోతే నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించారు. మావారు దుకాణం సంచీలోంచి కంటికి బిగించుకునే భూతద్దం తీసి పెట్టుకున్నారు. ఒక కన్ను మామూలుగా, ఒక కన్ను లడ్డూ అంత. అయినా అందగాడే.

"ముద్ర మీద ఒక అడ్డగీత ఉంది" అన్నారాయన రేకు మీద వంగి. "ఏటవాలుగా. పాత కోత మానిన గీత లాంటిది. మిగతాది అలుక్కుపోయింది కానీ గీత మాత్రం స్పష్టం."

మామయ్యగారి బొటనవేలు వెడల్పు, చదును. జీవితమంతా టికెట్లు నొక్కి నొక్కి అలా అయిందన్నారు. గీత లేదు. నాది చిన్నది, గీత లేదు. మావారిది పొడుగు, గీత లేదు. ఆయన వేలిముద్ర కాగితం మీద ఎంత ముద్దుగా పడిందంటే ఆ ముక్క చింపి దాచుకుందామనిపించింది. సాక్ష్యం కదా అని ఊరుకున్నాను.

ముగ్గురం ఒకేసారి గుమ్మం వైపు తిరిగాం.

"ఏంటలా చూస్తారు?" అంది అత్తయ్య.

"మీరొక్కరే మిగిలారు అత్తయ్యా" అన్నాను వీలైనంత మెత్తగా.

"మిగిలితే?"

"ఊరికే… ఒక్కసారి ఇలా వేలు పెట్టి తీసేస్తే…"

"వేలిముద్రా? నేనా?" అత్తయ్య గొంతు వంటింటి గోడకి తగిలి వెనక్కి వచ్చింది. "ఏం, నాకు సంతకం రాదనుకున్నావా? స్కూలు ఫైనలు ఒక్క దెబ్బలో పాసైనదాన్ని! మా వీధిలో ఎవరికి ఉత్తరం వచ్చినా నా దగ్గరికే తెచ్చి చదివించుకునేవాళ్ళు. ఈ వయసులో నన్ను నిశానీదాన్ని చేస్తావా?"

"నిశానీ అని కాదు అత్తయ్యా, పోల్చుకోడానికి…"

"కలం ఇలా తే!" గుమ్మం అవతల్నుంచే చెయ్యి చాచి మావారి జేబులోంచి కలం, బల్ల మీంచి కాలెండరు కాగితం లాక్కుని, దాని మీద తన పేరు ఇంటిపేరుతో సహా రాసి, చివర తోక తిప్పి, కింద రెండు గీతలు కొట్టింది. "పోల్చుకో. ఇంగ్లీషులో కూడా కావాలా?"

"రైల్లోనూ ఇంతే" అన్నారు మామయ్యగారు నెమ్మదిగా. "టికెట్ లేనివాళ్ళే ముందు గట్టిగా మాట్లాడతారు."

"మీరు ముందు ఆ కోటు విప్పండి. పొద్దున్నుంచీ పెళ్ళికొడుకులా ఒకటే తిరగడం!"

"అమ్మా, కోప్పడకు" అన్నారు మావారు, లడ్డూ కన్నుతోనే. "కూరలు తరిగేప్పుడు నీ వేళ్ళకి కోతలు పడుతూనే ఉంటాయి కదా. పొరపాటున చెయ్యి తగిలుంటుంది. ఎవరూ ఏమీ అనరు."

అత్తయ్య అరవడం మానేసింది. అరిచినంతసేపూ నాకు వేయని భయం అప్పుడు వేసింది. ఆమె కొంగుతో ముక్కు ఒత్తుకుని నా వైపే చూసింది.

"ఒట్టు పెట్టుకున్నానని చెప్పాను కదమ్మాయ్. ఆ రోజు నుంచి కాలు పెట్టలేదు. నడుం పడిపోతున్నా పెట్టలేదు. ఇష్టం లేకపోతే లేదని మొహమ్మీదే చెబుతాను కానీ, దొంగచాటుగా వెళ్ళి పని పాడు చేసే మనిషినా నేను?"

స్టాంపు ప్యాడు మూత పెట్టేశాను. ఆ మూత శబ్దం కూడా తప్పుగానే వినబడింది. ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచీ ఈమెకి నా పని నచ్చడం లేదని ఏడ్చానే కానీ, నేను ఆమెకి నచ్చుతున్నానో లేదో ఎప్పుడూ ఆలోచించలేదు. క్షమించమని నోరు తెరిచాను.

వీధి తలుపు చప్పుడైంది.

ఇంటావిడ! సాయంత్రం అంటే ఇంకా చీకటి పడేముందు అనుకున్నాం. ఆవిడ ఎండ తగ్గకముందే దిగింది. చంకలో పిల్లి. వసారా అంతా మోకాళ్ళ నొప్పుల మందు వాసన. ఆవిడ గుమ్మం దాటకముందే ఆ వాసన లోపలికి వచ్చి కూర్చుంటుంది, పోయాక కూడా కాసేపుండి పోతుంది.

"రేకు అయిందా అమ్మాయ్?"

"ఇంకా… మెరుగు పెట్టాలండీ. రేపు చూద్దురు గాని" అని రేకుని వీపు వెనక్కి తోశాను.

"మెరుగు తర్వాత. నా బంగారుతల్లి ఎలా వచ్చిందో చూపించు. ఇదిగో అబ్బాయ్, కాస్త దీన్ని పట్టుకో." పిల్లి మావారి చేతుల్లోకి వెళ్ళింది. ఆ పిల్లికి ఈయనంటే పడదు. అది గోళ్ళు దించింది, ఈయన పళ్ళు బిగించి చిరునవ్వు పెట్టారు. రేకు ఇంటావిడ చేతుల్లోకి వెళ్ళింది. ఆపడానికి నాకు చేతులు రాలేదు.

ముందు ఆవిడ మొహం విప్పారింది. "అబ్బ! మీసాలు చూడు! ఆ చూపు చూడు!" అంది. తర్వాత చూపు కిందకి జారింది. కుడివైపుకి జారింది. ఆగింది.

"ఇదేమిటి? తోక కింద?"

"బంతి" అన్నారు మామయ్యగారు.

"బంతేమిటండీ, ముద్దలా ఉంటేనూ! నా తలుపు మీద, వచ్చేపోయే ప్రతివాడూ చూసేలా, నా పిల్లి…" ఆవిడ ఆ మాట పూర్తి చేయలేకపోయింది.

"మచ్చండీ, వేలు తగిలిన మచ్చ" అన్నాను. "ఇంకో రేకు చేసిస్తాను. ఇంతకన్నా బాగా…"

"వేలు తగలడమేమిటమ్మాయ్? పని మీద శ్రద్ధ ఉంటే వేలు ఎలా తగులుతుంది? ఒక రేకుని శుభ్రంగా ఉంచలేనిదానివి నా గదిని శుభ్రంగా ఉంచుతావా? ఆ నీళ్ళు నా గచ్చు మీద పోయవని ఏమిటి నమ్మకం? వద్దులే. గది మాట మరిచిపో."

అయిపోయింది. ఇంత సులువుగా అయిపోతుందనుకోలేదు. నా తొట్టె, నా వార్నిష్ సీసాలు, చీరల అడుగున దాచుకుని తెచ్చిన రేకులు అన్నీ పాత ఇనుము బండి ఎక్కి వీధి మలుపు తిరుగుతున్నట్టు కళ్ళకి కట్టింది. మావారు నా పక్కకి జరిగారు. చేతిలో పిల్లి ఉండబట్టి మోచేత్తో నా మోచేతిని తాకారు. ఆ మాత్రానికే నాకు కన్నీళ్ళు వచ్చేశాయి.

అత్తయ్య ఒక్క మాటా అనకుండా ఉంటే చాలు. ఆమె వసారా ఆమెకి వచ్చేస్తుంది. గిన్నెలు, నడుం, ఒట్టు, అన్నీ ఒక్కసారే తీరిపోతాయి. ఆమె నోరు తెరవాల్సిన అవసరమే లేదు.

"వదినగారూ" అంది అత్తయ్య. "అలాగే పట్టుకోండి. కదలకండి."

"ఏం?"

"ఏం లేదు. మీ బొటనవేలు చూస్తున్నాను."

అందరం చూశాం. రేకుని కుడిచేత్తో మూల దగ్గర పట్టుకుంది ఇంటావిడ. అక్కడ పట్టుకుంటే ఎవరి బొటనవేలైనా పిల్లి తోక కిందకే వెళ్తుంది. ఆవిడ వేలు ఆ దిబ్బని, కత్తిని ఒర కప్పినట్టు పూర్తిగా కప్పేసింది. అటు ఇటు వెంట్రుకవాసి మిగల్లేదు.

"పిల్ల పొద్దున్నుంచీ ఆ రేకుని పసిబిడ్డకి స్నానం చేయించినట్టు తోమింది" అంది అత్తయ్య. "తోముతున్నంతసేపూ ఈ గుమ్మం దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాను. చీర కొంగు కూడా తగలనివ్వలేదు. శ్రద్ధ లేదంటే నేనొప్పుకోను. వదినగారూ, ఒకసారి వేలు తీసి ఇలా చూపించండి."

"వేలేమిటి, వేలూ…" అంటూనే ఆవిడ వేలు తిప్పి చూసుకుంది.

మావారు పిల్లిని మామయ్యగారి కోటు మీదకి దాదాపు విసిరేసి భూతద్దం మళ్ళీ కంటికి బిగించారు. "ఏటవాలు గీత!" అన్నారు. "అద్దం అక్కర్లేకుండానే కనబడుతోంది!"

"చిన్నప్పుడు కత్తిపీటకి తెగింది" అంది ఇంటావిడ అలవాటుగా. అనేశాక నోరు మూసుకుంది.

నాకు అప్పుడు తట్టింది. ఉత్తి వేలి జిడ్డయితే అంత మందంగా నిలబడదు. మోకాళ్ళ మందు! మైనం, నూనె కలిపిన చిక్కటి లేపనం. నా వార్నిష్ కన్నా గట్టిగా పట్టుకుంది. వాసన పోయింది కానీ మందు తన పని తాను చేసింది. సంతోషంతో ఎగరబోయి, పెద్దవాళ్ళ ముందు బాగుండదని ఆగాను.

"టికెట్టు" అన్నారు మామయ్యగారు చెయ్యి చాపి. పాత అలవాటు. వెంటనే సర్దుకుని, "అదే, సంజాయిషీ" అన్నారు.

"మేం స్టూడియోకి వెళ్తూ తాళం వేసుకుని వెళ్ళాం వదినగారూ" అంది అత్తయ్య. ఆమె గొంతు ఇంత తియ్యగా ఉండడం నేను ఎప్పుడూ వినలేదు. "గాల్లో వచ్చారా?"

ఇంటావిడ కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "ఇల్లు నాది. నా దగ్గర రెండో తాళంచెవి ఉండదా? మీరేవో విషపునీళ్ళు కాస్తున్నారని తెలిసింది. నా పైపులు చిల్లులు పడుతున్నాయేమోనని చూసి పోదామని వచ్చాను. రేకు కనబడింది, నా పిల్లి కనబడింది. ముచ్చటేసి చేతిలోకి తీసుకున్నాను. దానికే ఇంత పంచాయితీనా?"

"దానికి కాదు" అంది అత్తయ్య. "మీరు పెట్టిన వేలుకి మా పిల్లని తిట్టారు చూడండి, దానికి. ఇందాకట్నుంచీ నన్ను దొంగని చేశారు చూడండి, దానిక్కూడా." ఈ రెండోది అంటూ మా ముగ్గురి వైపూ ఒక చూపు విసిరింది. ముగ్గురం నేల చూశాం. "ఇప్పుడు గది సంగతి చెప్పండి."

"వదినగారూ…"

"రెండో తాళంచెవి సంగతి వీధిలో చెప్పమంటారా, గది సంగతి ఇక్కడ చెబుతారా?"

మా పిల్ల! అత్తయ్య నన్ను మా పిల్ల అంది! గది వచ్చినా రాకపోయినా ఆ మాట ఒక్కటి రాగి మీద చెక్కించుకుని మంచం పక్కన పెట్టుకుంటాను. ఈ మాటు వసారా గుమ్మం దగ్గరికి ఒక చేత్తో గిన్నెలన్నీ మోసుకొచ్చి ఆమెకి నేనే తోమిపెడతాననుకున్నాను. అంత పొంగిపోయాను.

ఇంటావిడ పిల్లి వంక చూసింది. మామయ్యగారి కోటు బొత్తాం కొరుకుతోంది అది. రేకు వంక చూసింది. ఆఖరికి కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇస్తానమ్మా, గది ఇవ్వనని ఎవరన్నారు? నాకేం అభ్యంతరం లేదు. తొట్టె రేపే పైకి చేర్చుకోండి."

మావారు నా చెయ్యి పట్టేసుకున్నారు, అందరి ముందూ. మామయ్యగారు పిల్లి తల నిమిరారు. అత్తయ్య తల పైకెత్తి, గుమ్మం మీదుగా వసారాలో కుడికాలు పెట్టబోయింది.

"కాకపోతే" అంది ఇంటావిడ గొంతు బాగా తగ్గించి, కళ్ళు పైకప్పు వైపు తిప్పి, "ముందు ఆయన ఒప్పుకోవాలి."

"ఏ ఆయన?" అన్నారు మామయ్యగారు.

"ఆ గదిలో ఉంటున్నాయన."

అత్తయ్య కాలు గాల్లోనే ఆగిపోయింది. మేం ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆ గది తాళం తీసినవాళ్ళు లేరు. పొద్దున కూడా చూశాను, పిడికిలంత తాళం, బయటే.

మా తలల మీద, సరిగ్గా ఆ గది ఉన్నచోట, ఎవరో కుర్చీని బరబరా ఈడ్చుకుని కిటికీ వైపు జరిగారు.